చలికి నిద్రపోయే గబ్బిలాలు, వాటి జత, గర్భం, పిల్లలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జువాలజీ చదివే పిల్లలు, అమెరికాలో ఇల్లు కొనుక్కుని అటకలో గబ్బిలాలు చూసి కంగారుపడినవాళ్ళు, ఊరికే ఆసక్తి ఉన్నవాళ్ళు అడిగే సందేహాలు తిరిగి తిరిగి అవే వస్తున్నాయి. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఉదాహరణగా ఎక్కువగా తీసుకున్నది ఉత్తర అమెరికాలో ఉండే లిటిల్ బ్రౌన్ బ్యాట్‌ని (శాస్త్రీయ నామం మయోటిస్ లూసిఫ్యూగస్). శీతనిద్ర పోయే గబ్బిలాల్లో దశాబ్దాలుగా పరిశోధన జరిగినవాటిలో ఇది ముఖ్యమైనది. యూరప్ గబ్బిలాల సంగతి అవసరమైన చోట వస్తుంది. మీ సందేహం ఎక్కడుంటే అక్కడి నుంచే చదువుకోండి, వరస పాటించక్కర్లేదు.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

గబ్బిలం గుడ్డు పెడుతుందా, పిల్లను కంటుందా?

పిల్లనే కంటుంది. రెక్కలున్నా అది పక్షి కాదు, మనలాగే క్షీరదం. ఒంటి మీద వెంట్రుకలుంటాయి, నోట్లో పళ్ళుంటాయి, పిల్లకు పాలిస్తుంది.

మన ఊళ్ళో గబ్బిలాలు కూడా చలికాలమంతా నిద్రపోతాయా?

పోవు. ఆంధ్ర, తెలంగాణల్లో జనవరిలో కూడా పురుగులు ఎగురుతాయి, పండ్లు దొరుకుతాయి. తిండి ఉన్నప్పుడు నెలల తరబడి పడుకోవాల్సిన అవసరం లేదు. మర్రిచెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలు ఏడాది పొడుగునా రాత్రయితే మేతకు వెళ్తూనే ఉంటాయి. బొర్రా గుహల్లో కనిపించేవి కూడా పగటి నిద్రలో ఉన్నవే, చీకటి పడితే బయటికొస్తాయి. మన దేశంలో అసలైన శీతనిద్ర చూడాలంటే హిమాలయాల చలి ప్రాంతాల వైపు వెళ్ళాలి.

శీతనిద్ర అంటే మామూలు నిద్రేనా, కాస్త పొడుగ్గా?

కాదు. మామూలు నిద్రలో ఒంటి వేడి దాదాపు అలాగే ఉంటుంది. శీతనిద్రలో గబ్బిలం తన ఒంటి వేడిని గుహ గాలి స్థాయికి దించేస్తుంది. గుహలో 5 డిగ్రీలుంటే దాని ఒళ్ళూ ఇంచుమించు అంతే. ఎగిరేటప్పుడు నిమిషానికి వందల సార్లు కొట్టుకునే గుండె పదుల్లోకి పడిపోతుంది. ఊపిరి మధ్యమధ్య చాలాసేపు ఆగుతుంది. చేత్తో ముట్టుకుంటే చచ్చిపోయిందనే అనుకుంటారు. పాఠ్యపుస్తకాల్లో శీతాకాల సుప్తావస్థ అనేది దీన్నే.

ఏ నెలలో ఏం జరుగుతుందో ఒక్కసారి వరసగా చెప్పండి

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో లిటిల్ బ్రౌన్ బ్యాట్ లెక్క ఇది. ఆగస్టు రెండో సగం నుంచి అక్టోబరు దాకా గుహల దగ్గర చేరి జత కడతాయి. ఆ తరవాత లోపలికి వెళ్ళి నిద్రలో పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆడవి ముందు, మగవి వెనక బయటికొస్తాయి. ఆడవాటికి ఆ రోజుల్లోనే అండం విడుదలై, శరత్కాలం నుంచి కడుపులో దాచుకున్న శుక్రకణంతో ఫలదీకరణం జరుగుతుంది. జూన్‌లో, జులై మొదట్లో పిల్లలు పుడతాయి. జులై ముగిసేసరికి చాలా పిల్లలు ఎగురుతుంటాయి. ప్రాంతాన్ని బట్టి, ఆ ఏటి వాతావరణాన్ని బట్టి ఇవన్నీ కొన్ని వారాలు అటూఇటూ అవుతాయి.

నెలలన్నీ బట్టీ పట్టక్కర్లేదు. పిల్ల పుట్టే సమయం ఒక్కటి గుర్తుంటే చాలు. పురుగులు దండిగా దొరికే రోజుల్లోనే తల్లి పాలివ్వాలి, చలి వచ్చేలోపే పిల్ల కొవ్వు పట్టాలి. జత కట్టడం, అండం విడుదల, గర్భం అన్నీ ఆ సమయం నుంచి వెనక్కి లెక్కేసుకుని సర్దుకున్నవే.

## శరత్కాలం: జత కట్టే రోజులు

వసంతంలో జత కట్టొచ్చు కదా, చలికి ముందే ఎందుకు తొందర?

వసంతంలో జత కడితే టైం సరిపోదు. నిద్ర లేచిన మగ గబ్బిలం ఒంట్లో కొవ్వు అడుగంటి ఉంటుంది, వృషణాలు ముడుచుకుపోయి ఉంటాయి. మళ్ళీ శుక్రకణాలు తయారవ్వాలంటే వారాల తరబడి మంచి తిండి కావాలి. అప్పుడు జత కట్టి, ఆపైన రెండు నెలల గర్భం మోస్తే పిల్ల ఆగస్టులో పుడుతుంది. ఆ పిల్ల ఎగరడం నేర్చుకుని, వేటాడి, కొవ్వు పట్టేలోపే చలి ముంచుకొస్తుంది.

అందుకని మగవి తిండి పుష్కలంగా ఉండే వేసవిలోనే శుక్రకణాలు తయారు చేసుకుంటాయి. పైగా వసంతంలో ఆడవి తలో దిక్కుకీ చెదిరిపోతాయి, శరత్కాలంలో అయితే అన్నీ గుహల దగ్గరికే వస్తాయి. మగవాటికి వెతుక్కునే పని తప్పుతుంది.

గుహ నోటి దగ్గర రాత్రిపూట వందల గబ్బిలాలు ఎందుకు ముసురుతాయి? లోపలికి వెళ్ళి పడుకోవచ్చు కదా?

ఆగస్టు చివర నుంచి కొన్ని వారాల పాటు ఇది జరుగుతుంది. చీకటి పడ్డాక వస్తాయి, గుహలోకి దూరి తిరిగి బయటికొస్తాయి, ఒకదాన్నొకటి తరుముకుంటూ గిరగిరా తిరుగుతాయి, తెల్లారేసరికి చాలావరకు వెళ్ళిపోతాయి. జీవశాస్త్రంలో దీన్ని స్వార్మింగ్ అంటారు. జత కట్టడానికి ఇదే పెద్ద సందర్భం. ఆ ఏడు పుట్టిన పిల్లలు కూడా వస్తాయి కాబట్టి, చలికాలపు గుహ ఎక్కడుందో వాటికి తెలిసేదీ ఇక్కడే అని పరిశోధకుల అభిప్రాయం.

ఇంకో లాభం కూడా ఉంది. వేసవిలో ఆడవి పుట్టిన కాలనీకే ఏటా తిరిగొస్తాయి. వేర్వేరు కాలనీలవి ఒక గుహ దగ్గర కలుసుకుని జత కట్టడం వల్ల దగ్గర రక్తసంబంధంలో సంతానం కలగడం తగ్గుతుంది. మేనరికాల గొడవ లేదన్నమాట.

ఒక ఆడదానికి ఒకే మగ తోడు ఉంటుందా?

లిటిల్ బ్రౌన్ బ్యాట్‌లో ఉండదు. ఆడదీ, మగదీ పలు జతలు కడతాయి. జంటగా కాపురం, మగది పిల్లను సాకడం వంటివి లేవు. జత కట్టేటప్పుడు ఆడది విదిలించుకోబోతే మగది ఒక ప్రత్యేకమైన కూత కూస్తుంది, దాంతో ఆడది నెమ్మదిస్తుంది. కెనడాలోని పాత గనుల్లో చేసిన పరిశీలనల్లో ఈ కూతను నమోదు చేశారు.

ఆడదాని కడుపులో ఒకటికి మించి మగవాటి శుక్రకణాలు చలికాలమంతా కలిసి ఉండే వీలుంది కాబట్టి, పోటీ అక్కడ కూడా సాగుతుంది. కవలల్ని కనే బిగ్ బ్రౌన్ బ్యాట్‌లో ఒకే కాన్పు పిల్లలకు ఇద్దరు వేర్వేరు తండ్రులు ఉన్న సందర్భాలు జన్యు పరీక్షల్లో తేలాయి.

మగ గబ్బిలం వృషణాలు శరత్కాలంలో చిన్నవైపోతాయని చదివాను. మరి జత ఎలా కడుతుంది?

శుక్రకణాల తయారీ, జత కట్టడం ఈ గబ్బిలాల్లో ఒకే సమయంలో జరగవు. వృషణాలు వేసవిలో ఉబ్బి పనిచేస్తాయి, శరత్కాలానికి తయారీ ముగించి కుంచించుకుపోతాయి. తయారైన సరుకంతా పక్కనే ఉన్న ఎపిడిడిమిస్ అనే మెలికల గొట్టం చివరి భాగంలో నిల్వ ఉంటుంది. జత కట్టేటప్పుడు వాడేది ఆ నిల్వనే. చలికాలంలో కూడా ఆ నిల్వ పాడవకుండా ఉంటుంది. వసంతం దాకా జీవం ఉన్న శుక్రకణాలు మగవాటిలోనూ దొరుకుతాయి.

మొదటి ఏడే పిల్లలు పుడతాయా?

కొన్ని ఆడవి పుట్టిన ఏడాదే శరత్కాలంలో జత కట్టి, ఏడాది నిండేసరికి తల్లులవుతాయి. అన్నీ కావు. మగవాటికి సాధారణంగా రెండో ఏడు రావాలి.

## చలికాలం: దాచుకున్న శుక్రకణాలు

శుక్రకణాలు ఐదారు నెలలు కడుపులో ఎలా బతుకుతాయి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, అడగాల్సిన ప్రశ్న కూడా. మనిషిలో శుక్రకణాలు స్త్రీ శరీరంలో మహా అయితే ఐదు రోజులు. గబ్బిలంలో నెలలు. యూరప్‌లో ఉండే నాక్ట్యూల్ గబ్బిలంలో 198 రోజుల తరవాత కూడా వాటికి ఫలదీకరణ శక్తి ఉన్నట్టు పాల్ రేసీ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త 1970లలో చూపించారు.

మొదటి కారణం చలి. ఒంటి వేడి 5 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు శుక్రకణం కదలదు, దాని ఖర్చు దాదాపు ఆగిపోతుంది. అయితే పశువుల ఆసుపత్రిలో గేదెలకు ఎక్కించే వీర్యం సంగతి వేరు. దాన్ని ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి పెడతారు. గబ్బిలంలో గడ్డకట్టడం లేదు, శుక్రకణం సజీవంగా, తడిగా, తల్లి ఒంట్లోనే ఉంది. పైగా తల్లి మధ్యమధ్య మేలుకున్నప్పుడు ఒళ్ళు 35 డిగ్రీలు దాటుతుంది కూడా. అప్పుడూ అవి చావవు. అంటే చలి ఒక్కటే కాదు, ఆడదాని శరీరం వాటిని కాపాడుతోందన్నమాట.

మైక్రోస్కోపులో చూస్తే ఇది కొంత అర్థమవుతుంది. కొన్ని జాతుల్లో శుక్రకణాలు గర్భాశయం గోడకు తలలు ఆనించి, తోకలు లోపలి ఖాళీ వైపు పెట్టి, బారులు తీరి ఉంటాయి. గోడ కణాలకూ వాటి తలలకూ మధ్య సందు చాలా తక్కువ. కొన్ని జాతులు గర్భాశయంలో దాస్తాయి, కొన్ని అండవాహికల్లో. బయటి కణాలు అంతకాలం ఉంటే తెల్లరక్తకణాలు మామూలుగా ఊరుకోవు. నిల్వ ఉన్నన్నాళ్ళూ ఆ దాడి జోరుగా జరక్కపోవడం కూడా ఈ ఏర్పాటులో భాగమే.

నిద్రపోతున్నంత కాలం కడుపులో పిండం మెల్లగా పెరుగుతుంటుందా?

లిటిల్ బ్రౌన్ బ్యాట్‌లో చలికాలంలో అసలు పిండమే ఉండదు. శుక్రకణాలుంటాయి, అండాశయంలో విడుదలకు సిద్ధంగా ఒక పెద్ద పుటిక (అండాన్ని పట్టి ఉంచే సంచి) ఉంటుంది. రెండూ కలవవు. ఆ పుటికలోని అండం చుట్టూ ఉండే కణాల్లో గ్లైకోజన్ అనే నిల్వ పిండిపదార్థం దండిగా ఉంటుంది, ఇన్ని నెలలు తట్టుకోవడానికి అదే ఆధారమని భావిస్తారు. జత కట్టింది కదా, కడుపుతో ఉందనుకుని చాలామంది పొరబడేది ఇక్కడే.

డిలేడ్ ఫెర్టిలైజేషన్, డిలేడ్ ఇంప్లాంటేషన్ రెండూ ఒకటేనా? పరీక్షలో ఏది రాయాలి?

వేర్వేరు. లిటిల్ బ్రౌన్ బ్యాట్, నాక్ట్యూల్, పిపిస్ట్రెల్, హార్స్‌షూ గబ్బిలాల్లో ఆగేది ఫలదీకరణం. అండం వసంతంలోనే విడుదలవుతుంది, కాబట్టి దాన్ని ఆలస్య ఫలదీకరణం అనాలి.

మినియోప్టెరస్ ష్రైబెర్సై అనే గబ్బిలం యూరప్‌లో శరత్కాలంలో జత కట్టగానే ఫలదీకరణం కూడా అయిపోతుంది. తొలిదశ పిండం గర్భాశయంలో అతుక్కోకుండా చలికాలం గడిపి, వసంతంలో అతుక్కుంటుంది. ఇది ఆలస్య ఇంప్లాంటేషన్. మూడో రకం కూడా ఉంది. అమెరికా నైరుతి ఎడారుల్లో ఉండే మాక్రోటస్ కాలిఫోర్నికస్‌లో పిండం అతుక్కుంటుంది కానీ చలినెలల్లో చాలా నెమ్మదిగా పెరుగుతుంది, దాన్ని ఆలస్య పెరుగుదల అంటారు. ఈ మూడోది శీతనిద్ర పోదు. శీతనిద్ర ఉంటేనే ఇలాంటి ఆలస్యం ఉంటుందని రాస్తే మార్కులు పోతాయి.

ఇదంతా ఎలా తెలిసింది? వసంతంలో మళ్ళీ జత కట్టి ఉండొచ్చు కదా?

ఆ అనుమానం పాత శాస్త్రవేత్తలకూ వచ్చింది. తేల్చే పద్ధతి తేలికే. శరత్కాలంలో జత కట్టిన ఆడవాటిని పట్టి, చలికాలమంతా మగవాటికి దూరంగా ఉంచి, తరవాత వెచ్చని చోటికి తెచ్చి చూడాలి. అవి గర్భం దాలిస్తే శుక్రకణం పాతదే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో విలియం విమ్సాట్ 1940లలో లిటిల్ బ్రౌన్ బ్యాట్ మీద చేసిన పని ఈ విషయంలో పునాది. నాక్ట్యూల్, పిపిస్ట్రెల్‌లలో ఎన్ని రోజులు నిల్వ ఉంటుందో లెక్క తేలింది కూడా ఆడవాటిని ఇలా విడిగా ఉంచినప్పుడే.

చలికాలం మధ్యలో కూడా జత కడతాయట, నిజమేనా?

నిజమే. గబ్బిలాలు శీతనిద్రలో అప్పుడప్పుడు మేలుకుంటాయి. అలా మేలుకున్న మగది పక్కన మొద్దుగా వేలాడుతున్న ఆడదానితో జత కడుతుంది. ఆడదానికి మెలకువ కూడా రాకపోవచ్చు. మగది అంత చూసుకునే స్థితిలో ఉండదు, నిద్రలో ఉన్న మగవాటి మీదకూ ఎక్కుతుంటుంది. అయితే పుట్టే పిల్లల్లో ఎక్కువ భాగం శరత్కాలపు జతల వల్లనా, చలికాలపు జతల వల్లనా అన్నది జాతిని బట్టి మారుతుంది. హార్స్‌షూ గబ్బిలాల్లో జత తరవాత మగదాని స్రావం గట్టిపడి ఆడదాని యోనిలో బిరడాలా నిలుస్తుంది. వసంతం వచ్చాక అది ఊడి కింద పడుతుంది.

టార్చి వేసుకుని గుహలోకి వెళ్ళి ఒకసారి చూసి వస్తే ఏమవుతుంది?

వాటికి మెలకువ వస్తుంది. చల్లగా ఉన్న ఒంటిని మళ్ళీ వేడెక్కించడానికి చాలా కొవ్వు ఖర్చవుతుంది. ఎవరూ కదిలించకపోయినా అవి రెండు వారాలకోసారి అటూఇటూగా మేలుకుంటాయి. చలికాలం మొత్తంలో కరిగే కొవ్వులో సుమారు 75 శాతం ఆ కొద్ది గంటల మెలకువలకే పోతుందని లిటిల్ బ్రౌన్ బ్యాట్ మీద వేసిన అంచనా. మనం వెళ్తే దాని మీద అదనపు ఖర్చు. ఆడదానికి వసంతంలో గర్భం మొదలుపెట్టడానికి కొంత కొవ్వు మిగలాలి, అందుకే ఆడవి మగవాటికన్నా పొదుపుగా కొవ్వు వాడతాయి. ఆ మిగులును మన సరదాకు ఖర్చు పెట్టించడం న్యాయం కాదని నా అభిప్రాయం. చలికాలంలో అలాంటి గుహలకు వెళ్ళొద్దు.

## వసంతం: గర్భం

నిద్ర లేవగానే గర్భం ఎలా వస్తుంది? మగది దగ్గర లేదు కదా?

మగదానితో పని శరత్కాలంలోనే అయిపోయింది. గుహ విడిచే రోజుల్లో ఒళ్ళు వేడెక్కి, మెదడు కింది పీయూష గ్రంథి నుంచి హార్మోన్లు పెరిగి, సిద్ధంగా ఉన్న పుటిక పగిలి అండం విడుదలవుతుంది. దాచుకున్న శుక్రకణాల్లో ఒకటి దానితో కలుస్తుంది. లిటిల్ బ్రౌన్ బ్యాట్‌కు గర్భాశయంలో రెండు కొమ్ములున్నా పిండం దాదాపు ఎప్పుడూ కుడి కొమ్ములోనే అతుక్కుంటుంది. జనవరిలో పట్టి తెచ్చి వెచ్చగా పెట్టి తిండి పెడితే ఇదంతా ముందుకు జరుగుతుంది. గాయపడిన గబ్బిలాలను చలికాలంలో సాకే కేంద్రాల్లో అకాలంలో పిల్లలు పుట్టడానికి కారణం ఇదే.

గర్భం ఎన్ని రోజులు? ఒక పుస్తకంలో 50 అని, ఇంకోదాంట్లో 60 అని ఉంది

లిటిల్ బ్రౌన్ బ్యాట్‌కు 50 నుంచి 60 రోజులు, రెండు పుస్తకాలూ తప్పు కాదు. గబ్బిలం గర్భానికి ఆవుకో మేకకో చెప్పినట్టు ఒక్క అంకె చెప్పలేం. చలిగాలులు, వాన పట్టి పురుగులు దొరక్కపోతే గర్భంతో ఉన్నది కూడా పగలు ఒళ్ళు చల్లబరచుకుని పడుకుంటుంది. అప్పుడు పిండం పెరుగుదల మందగిస్తుంది. పాల్ రేసీ గర్భంతో ఉన్న పిపిస్ట్రెల్‌లను చల్లని చోట తిండి లేకుండా ఉంచినప్పుడు, అవి ఎన్ని రోజులు మొద్దుగా ఉన్నాయో కాన్పు దాదాపు అన్ని రోజులు వెనక్కి జరిగింది. మళ్ళీ వెచ్చదనం, తిండి అందగానే పెరుగుదల అందుకుంది.

కడుపుతో ఉన్నవన్నీ ఒకే అటకలో ఎందుకు చేరతాయి?

వేడి కోసం. ఎండకు కాగే రేకుల కప్పు, అటక, పాత ధాన్యపు కొట్టం వాటికి ఇష్టం. ముప్పై డిగ్రీలు దాటే వేడిలో ఒంటి వేడి కోసం కొవ్వు ఖర్చు పెట్టక్కర్లేదు, పిండం త్వరగా పెరుగుతుంది. వందల ఆడవి ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటే ఇంకాస్త వెచ్చన. మగవి అక్కడ దాదాపు కనిపించవు. అవి వేరే చల్లని చోట్ల ఒంటరిగానో కొద్దిమందితోనో ఉండి, పగలు ఒళ్ళు చల్లబరచుకుంటూ పొదుపుగా బతుకుతాయి.

## వేసవి: కాన్పు, పాలు, ఎగరడం

కాన్పు తలకిందులుగానే జరుగుతుందా? పిల్ల కింద పడదా?

లిటిల్ బ్రౌన్ బ్యాట్ కాన్పప్పుడు తిరగబడుతుంది. ఎప్పుడూ తల కిందికి వేలాడేది, ఇప్పుడు బొటనవేళ్ళ గోళ్ళతో పట్టుకుని తల పైకి పెడుతుంది. కాళ్ళ మధ్య, తోకతో కలిసి ఉన్న పొరను ముందుకు వంచి ఒడిలా పడుతుంది. పిల్ల మామూలుగా ఎదురుకాళ్ళతో, అంటే వెనక భాగం ముందుగా వస్తుంది. మనుషుల్లో అయితే డాక్టరుకు టెన్షన్, వీటికి అదే పద్ధతి. రెక్కలు మడిచి ఉన్న ముందు భాగం చివర్లో రావడం వల్ల చిక్కుకోదు. బయటపడ్డ కాళ్ళతో పిల్ల తల్లి ఒంటినీ, పొరనూ పట్టుకుని తన వంతు లాగుతుంది. తల్లి నాకి శుభ్రం చేస్తుంది, మాయను తినేస్తుంది.

పుట్టిన పిల్లకు ఒంటి మీద వెంట్రుకలు లేనట్టే ఉంటాయి, కళ్ళు మూసి ఉంటాయి, కానీ పాలపళ్ళు ఉంటాయి. అవి కొక్కేల్లా వెనక్కి వంగి, చనుమొనను వదలకుండా పట్టుకోవడానికి పనికొస్తాయి.

ఒక కాన్పుకు ఎన్ని పిల్లలు?

లిటిల్ బ్రౌన్ బ్యాట్‌కు ఏడాదికి ఒకటే. ఆ ఒక్కటీ తల్లి బరువులో నాలుగో వంతు దాకా ఉంటుంది. యాభై కిలోల మనిషికి పన్నెండు కిలోల బిడ్డ పుట్టినట్టు లెక్క. బిగ్ బ్రౌన్ బ్యాట్ అమెరికా తూర్పు భాగంలో ఎక్కువగా కవలల్ని, పశ్చిమాన ఒకదాన్ని కంటుంది. చెట్ల ఆకుల్లో ఉండే ఈస్టర్న్ రెడ్ బ్యాట్‌కు మూడు, నాలుగు కూడా పుడతాయి, దానికి చన్నులు నాలుగు.

వందల పిల్లల్లో తన పిల్లను తల్లి ఎలా గుర్తుపడుతుంది?

గొంతు, వాసన. వేటకు వెళ్ళేటప్పుడు తల్లి పిల్లను అటకలోనే మిగతావాటితో వదిలి వెళ్తుంది. తిరిగొచ్చాక పిల్లలు ఒక్కసారిగా కూస్తాయి. ఒక్కో పిల్ల కూతలో తేడా ఉంటుంది. తల్లి దగ్గరికి పాకి, మూతి దగ్గర వాసన చూసి నిర్ధారించుకుంటుంది. వేరే పిల్ల వస్తే తోసేస్తుంది. పాలిచ్చే రోజుల్లో తల్లి ఒక్క రాత్రిలో తన బరువుకు దగ్గరగా పురుగులు తింటుంది, ఆ కష్టం పక్కవాళ్ళ పిల్లకు పోనివ్వదు.

పిల్ల ఎప్పటికి ఎగురుతుంది? ఆలస్యంగా పుడితే నష్టమా?

సుమారు మూడు వారాలకు రెక్కలు ఎగరడానికి సరిపోతాయి, నాలుగో వారానికి పాలు మానేస్తుంది. తల్లి వెంట తిరిగి వేట నేర్పించడం పెద్దగా కనిపించదు, పిల్ల తంటాలు పడి నేర్చుకుంటుంది.

ఆలస్యంగా పుడితే నష్టమే. న్యూ హాంప్‌షైర్‌లోని ఒక కాలనీలో 16 ఏళ్ళ పాటు పిల్లలకు గుర్తు పట్టీలు వేసి చూశారు. మొదటి ఏడాది గట్టెక్కే అవకాశం ఏటిని బట్టి 23 నుంచి 46 శాతం మధ్య ఉంది. వేసవి మొదట్లో పుట్టినవి ఎక్కువగా బతికాయి, మరుసటి ఏడు తల్లులయ్యే అవకాశమూ వాటికే ఎక్కువ.

న్యూజెర్సీలో మా ఇంటి అటకలో గబ్బిలాలున్నాయి. జూన్‌లో సెలవు దొరికింది, కన్నాలు మూసేయించమంటారా?

వద్దు. జూన్, జులైలలో లోపల ఎగరలేని పిల్లలుంటాయి. తల్లులు బయటికి వెళ్ళాక మూస్తే పిల్లలు ఆకలికి చచ్చి అటకంతా కంపు కొడుతుంది. తల్లులు లోపలికి దారి వెతుకుతూ మీ గదుల్లోకి దూరతాయి. చాలా రాష్ట్రాల్లో ఆ నెలల్లో గబ్బిలాలను వెళ్ళగొట్టడం మీద ఆంక్షలు కూడా ఉన్నాయి, మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నిబంధనలు ముందు చూసుకోండి.

సరైన సమయం పిల్లలు ఎగరడం మొదలయ్యాక, చలి రాకముందు, అంటే ఆగస్టు చివర, సెప్టెంబరు. బయటికి వెళ్ళగలిగి లోపలికి రాలేని గొట్టాలు బిగించి, కొన్ని రాత్రులు ఆగి, అన్నీ వెళ్ళాయని తేలాక కన్నాలు మూస్తారు. విషం పెట్టొద్దు.

జులైలో రాత్రి బెడ్‌రూంలోకి గబ్బిలం వచ్చింది. అపశకునమా?

శకునం సంగతి పక్కన పెట్టండి. జులై, ఆగస్టుల్లో ఇళ్ళలోకి వచ్చేవాటిలో చాలావరకు ఎగరడం కొత్తగా నేర్చుకుంటూ దారి తప్పిన పిల్లలే.

రేబిస్ విషయంలో మాత్రం నిర్లక్ష్యం పనికిరాదు. అమెరికాలో మనుషులకు రేబిస్ సోకి చనిపోతున్న కేసుల్లో ఎక్కువ గబ్బిలాల వల్ల వచ్చినవే. దాని పళ్ళు సూదంత, గాటు కనిపించకపోవచ్చు. నిద్రపోతున్న మనిషి గదిలోనో, చంటిబిడ్డ దగ్గరో గబ్బిలం కనిపిస్తే దాన్ని వదిలేయకండి. వట్టి చేత్తో ముట్టుకోకుండా డబ్బాతో మూసి, వెంటనే డాక్టరుకు, స్థానిక ఆరోగ్య శాఖకు ఫోన్ చేయండి. గబ్బిలాన్ని పరీక్షించి టీకా అవసరమో కాదో చెప్తారు.

## ముప్పులు

వైట్ నోస్ సిండ్రోమ్ వచ్చాక వీటి సంతానం తగ్గిందా?

సంతానం సంగతి తరవాత, కనే తల్లులే పోయాయి. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ దగ్గరి ఒక గుహలో మొదట కనిపించిన ఈ జబ్బుకు కారణం ఒక బూజు. చల్లని గుహల్లో, నిద్రలో ఉన్న గబ్బిలం మూతి మీద, రెక్కల మీద తెల్లగా పెరుగుతుంది. దాంతో అవి పదేపదే మేలుకుని, కొవ్వు అయిపోయి, వసంతం రాకముందే చనిపోతాయి. లిటిల్ బ్రౌన్, నార్తర్న్ లాంగ్ ఇయర్డ్, ట్రైకలర్డ్ గబ్బిలాలు జబ్బు వ్యాపించిన చోట్ల 90 శాతానికి పైగా పోయాయి. నార్తర్న్ లాంగ్ ఇయర్డ్ బ్యాట్‌ను అమెరికా ప్రభుత్వం 2022లో అంతరించే ప్రమాదం ఉన్న జాతిగా ప్రకటించింది.

ఎలుకలైతే రెండేళ్ళలో కోలుకునేవి. ఏడాదికి ఒక్క పిల్ల, అందులోనూ సగానికి పైగా మొదటి ఏడు దాటని జాతికి అది కుదరదు. వాటి పద్ధతి ఎక్కువ కాలం బతికి, ఏటా ఒకటి చొప్పున కనడం. అడవిలో 34 ఏళ్ళు బతికిన లిటిల్ బ్రౌన్ బ్యాట్ రికార్డు ఉంది. పెద్దవి మూకుమ్మడిగా చనిపోతే ఆ పద్ధతి దెబ్బతింటుంది. ఈ బూజు మనుషులకు సోకినట్టు లేదు, కానీ మన బూట్లు, బట్టల మీద ఒక గుహ నుంచి ఇంకో గుహకు వెళ్ళగలదు.

వాతావరణం వేడెక్కితే పిల్లలు ముందుగా పుడతాయి కాబట్టి మంచిదేగా?

సగం నిజం. ఇంగ్లండ్‌లో గ్లోస్టర్‌షైర్‌లోని వుడ్‌చెస్టర్ భవనంలో ఉండే గ్రేటర్ హార్స్‌షూ గబ్బిలాలను రోజర్ రాన్సమ్ 1959 నుంచి గమనిస్తూ వచ్చారు. ఏప్రిల్, మే నెలలు వెచ్చగా ఉన్న ఏళ్ళలో అక్కడ పిల్లలు ముందుగా పుట్టాయి, చలి వసంతాల్లో ఆలస్యమయ్యాయి. వెచ్చని వసంతం మేలు చేస్తుంది.

వెచ్చని చలికాలం అలా కాదు. గుహ వేడెక్కితే నిద్రలోనే ఎక్కువ కొవ్వు కరుగుతుంది. గబ్బిలం ముందే బయటికొచ్చి, అండం విడుదలై గర్భం మొదలయ్యాక మళ్ళీ మంచు కురిసి పురుగులు దొరక్కపోతే, తల్లి తన ఒంటినీ పిండాన్నీ ఒకేసారి నిలబెట్టుకోలేదు.

శీతనిద్ర లేని మన గబ్బిలాల్లో శుక్రకణాలు దాచుకునేవి ఉన్నాయా?

ఉన్నాయి. పసుపు పొట్టతో ఇళ్ళ సందుల్లో ఉండే స్కోటోఫిలస్ హీతై మీద వారణాసిలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి పని జరిగింది. అక్కడ ఇది చలికాలంలో జత కడుతుంది, అండం విడుదల మాత్రం మార్చిలో. మధ్యలో రెండు నెలలు శుక్రకణాలు ఆడదాని ఒంట్లోనే ఉంటాయి. ఆ రోజుల్లో ఆడది బాగా కొవ్వు పట్టి ఉంటుంది, మగ హార్మోన్ల స్థాయి పెరుగుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు, అండం విడుదల కాదు. ఈ లక్షణాలు చదివితే ఆడవాళ్ళలో కనిపించే పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) గుర్తొస్తుంది, పరిశోధకులూ ఆ పోలిక మీద పనిచేశారు. తేడా ఏమిటంటే గబ్బిలంలో వసంతం రాగానే అది తనంతట తనే సర్దుకుంటుంది.

మన తోటల్లో జామపళ్ళు కొరికి పోయే సైనోప్టెరస్ స్ఫింక్స్‌కు ఇలాంటి నిల్వతో పని లేదు. అది ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో ఒక పిల్లను కని, వెంటనే మళ్ళీ ఎదకు వచ్చి, జూన్, జులైకల్లా రెండో పిల్లను కంటుంది.